నక్షత్రం పక్కన ఖాళీ జాగ

ఆదివారం పొద్దున పదింటికి నా ఫోన్ మోగిందంటే అది మా మేడమే. ఏళ్ళ తరబడి అంతే. పోయిన నెల ఒక ఆదివారం కూడా అదే వేళకు, అదే నంబరు నుంచి మోగింది. నేను పనిలో ఉన్నాను. కళ్ళు కంప్యూటర్ మీదే ఉంచి ఫోన్ ఎత్తి, ఆమె అడగకముందే "తిన్న మేడం" అన్నాను. అవతల మేడం భర్త, మేమంతా సార్ అని పిలిచే ఆయన గొంతు వినిపించింది.

"మేడం పోయింది బిడ్డా. తెల్లారంగ."

నేను పనిచేసేది ఒక రేడియో అబ్జర్వేటరీలో. కంటికి కనపడే వెలుగును కాక ఆకాశం నుంచి వచ్చే రేడియో తరంగాలను పట్టే పెద్ద ఇనుప గిన్నె ఉంటుంది మా దగ్గర. డిష్ అంటాం. దానికి రాత్రీ పగలూ తేడా లేదు, మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా నక్షత్రాన్ని వెతికి పట్టుకుంటుంది. సార్ ఫోన్ చేసినప్పుడు ఆ డిష్ మా మేడం నక్షత్రం వైపే తిరుగుతోంది. ఆపరేటర్ నా ముఖం చూసి ఆపేద్దామా అని అడిగాడు. వద్దన్నాను. ఆ కాస్త సమయం సంపాదించడానికి మేము ఎన్ని తంటాలు పడ్డామో నాకు తెలుసు. డిష్‌ను దాని పని చేసుకోనిచ్చి, బయట మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

ఆమె మీకు తెలిసే అవకాశం తక్కువ. పేపర్లలో ఒక్కసారి ఫొటో పడింది, దాని కథ తర్వాత చెబుతాను. కరీంనగర్‌లో ఒక ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవారు. పుట్టింది బోథ్ దగ్గర పత్తి పండించే ఇంట్లో. చదువు కోసం చాలా దూరం వెళ్ళి, వృద్ధ నక్షత్రాల మీద పరిశోధన చేసి, ఉద్యోగం దొరికిందని మళ్ళీ ఇటే వచ్చేశారు. అంత చదివి డిగ్రీ పిల్లలకు పాఠాలేమిటని అడిగినవాళ్ళకు, "పిల్లలకు చెప్పరాకపోతే నాకు వచ్చినట్లెట్ల?" అనేవారు. ఆ మాటలో బడాయి ఉండేది కాదు, నిజంగానే అనుమానం ఉండేది.

ఆమె నక్షత్రం గురించి కొంచెం చెప్పాలి. నక్షత్రం ముసలిదైతే ఉబ్బుతుంది. ఊపిరి తీసినట్టు పెరుగుతూ తగ్గుతూ, తన పై పొరలను కొంచెం కొంచెంగా బయటికి వదిలేస్తుంది. ఆ వదిలిన వాయువు చల్లబడితే అందులో నీటి ఆవిరి పుడుతుంది. ఆ ఆవిరి ఒకే ఒక్క శ్రుతిలో రేడియో తరంగాలు పంపుతుంది. ఒక ఏడాది బలంగా, ఇంకో ఏడాది బలహీనంగా, ఒక్కోసారి కొన్నేళ్ళు అసలేమీ లేకుండా. ఒక్కరోజు చూస్తే ఏమీ అర్థం కాదు. ఏళ్ళ తరబడి, మధ్యలో విడవకుండా చూస్తేనే ఆ నక్షత్రం ఎట్లా ముసలిదవుతోందో తెలుస్తుంది. మేడం చూసేది అలాంటి ఒక నక్షత్రాన్ని. దానికి కేటలాగులో పొడవైన నంబరు ఉంది కానీ ఆమె దాన్ని ఎప్పుడూ "మన ముసల్ది" అనే అనేవారు.

అబ్జర్వేటరీలో ఆమెతో చదువుకున్నవాళ్ళు ఉండేవారు. వాళ్ళు వీలున్నప్పుడల్లా ముసల్దాని వైపు డిష్ తిప్పి, వచ్చింది పంపేవారు. శనివారం మధ్యాహ్నాలు కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో మేడం, ఇష్టమైన పిల్లలు నలుగురైదుగురు కూర్చుని దాన్ని లెక్కగట్టేవారు. నేనొక బొగ్గుబావి కార్మికుడి కూతురిని, మా టౌన్‌షిప్ నుంచి బస్సెక్కి వచ్చి హాస్టల్లో ఉండేదాన్ని; నేనూ వాళ్ళలో చేరాను. ఆకాశం మీద ప్రేమతో కాదు. శనివారాలు మేడం జొన్నరొట్టెలు, వెల్లుల్లి కారం తెచ్చేవారు. హాస్టల్ తిండి తిన్నవాళ్ళకు నా బాధ తెలుస్తుంది.

మొదటి శనివారమే ఆమె మాకు చెప్పారు ఖాళీ జాగ సంగతి. డిష్ నక్షత్రాన్ని కాసేపు చూస్తుంది. తర్వాత పక్కకు జరిగి, ఏమీ లేని ఆకాశాన్ని అంతే సేపు చూస్తుంది. మళ్ళీ నక్షత్రం, మళ్ళీ ఖాళీ. నాకు అది వృథా అనిపించింది. సగం సమయం ఏమీ లేనిదాన్ని చూడటమేమిటని అడిగాను.

"డిష్ తన రొద తను చేస్తది. మన గాలి రొద గాలి చేస్తది. అండ్ల నక్షత్రానిదేదో నీకెట్ల తెలుస్తది?" అన్నారు మేడం. "ఖాళీ జాగను గూడ చూసి, నక్షత్రం దాంట్లకెల్లి దీన్ని తీసెయ్యాలె. మిగిలిందే నక్షత్రం. ఖాళీని సక్కగ చూడనోడు నక్షత్రాన్ని గూడ చూడలేడు బిడ్డా."

ఆమె అలవాట్లన్నీ ఇట్లాగే ఉండేవి. బోథ్ వెళ్ళినప్పుడల్లా నిర్మల్‌లో బస్సు మారి, ఎడమవైపు కిటికీ సీటు కోసం అవసరమైతే రెండు బస్సులు వదిలేసేవారు. ఒకే సీట్లో కూర్చుంటేనే చేన్లు ఎంత ఎదిగాయో తెలుస్తుందని వాదన. టీ చేదుగా ఉందనిపిస్తే సార్‌ను అనేముందు తన నుదురు తడిమి చూసుకునేవారు, తనకే జ్వరమేమోనని. సార్ బ్యాంకు మనిషి, కొంటెతనం ఎక్కువ. "నన్ను తిట్టేముందు తనను తాను చెక్ చేస్కుంటది. అటెన్క డబల్ తిడ్తది" అని మాకు చెప్పి నవ్వేవారు.

అన్నిటికన్నా వింత ఆమె మూడు ప్రశ్నలు. ఎప్పుడు కలిసినా, ఎప్పుడు ఫోన్ చేసినా, అదే వరుసలో, అదే గొంతుతో అడిగేవారు. "అన్నం తిన్నవా? నిద్ర వడుతుందా? ఏం చదువుతున్నవ్?" ఒకసారి నాకు విసుగొచ్చింది. వేరే ఏమన్నా అడగరాదా మేడం అన్నాను.

ఆమె నొచ్చుకోలేదు. "ప్రశ్న మారిస్తే జవాబు మారిందా, నువ్వు మారినవా, నాకెట్ల తెలుస్తది?" అన్నారు.

ఆ మాట ఎంత నిజమో ఎమ్మెస్సీలో ఉండగా తెలిసింది. మా బాపుకు, అంటే నాన్నకు, ఊపిరితిత్తుల జబ్బు ముదిరి పని మానేశాడు. చదువు ఆపి ఏదైనా బళ్ళో టీచరుగా చేరదామనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. ఆ ఆదివారం మేడం ఫోన్ చేసి తిన్నవా అంటే తిన్న మేడం అన్నాను. నిద్ర పడుతోందన్నాను. ఏదో పుస్తకం పేరు కూడా చెప్పాను. ఆమె సరే అని పెట్టేశారు. మర్నాడు పొద్దున మా క్వార్టర్ ముందు ఆటో ఆగి, అందులోంచి జొన్నరొట్టెల మూటతో మేడం దిగారు. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను.

"నిన్న తిన్నవా అంటె జర ఆగి చెప్పినవ్. నువ్వు ఎన్నడు ఆగవు" అన్నారు చెప్పులు విప్పుతూ. చదువు ఆపేద్దామనుకున్న సంగతి అక్కడే చెప్పేశాను.

మా బాపు మాటకారి కాదు. మంచంలో లేచి కూర్చుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక దుప్పటి సర్దుకుంటున్నాడు. మేడం కుర్చీ లాక్కుని కూర్చుని, మొదటిసారి చూస్తున్న మనిషిని అదే వరుసలో అడిగారు. అన్నం తిన్నరా, నిద్ర వడుతుందా. మూడోది కూడా వదల్లేదు.

"నేనేం చదువుత మేడం," అన్నాడు బాపు. చాలా రోజుల తర్వాత ఆయన ముఖంలో నవ్వు చూశాను. "పేపర్ల ఆఖరి పేజీ చూస్త. ఆటలది."

"మరి బిడ్డ చదువు ఆపుతున్నరట?"

బాపు నా వైపు చూశాడు. "నేనెప్పుడన్న? నాకు చెప్పనే లేదాయె గది. నేను బాయిల దిగింది అది పైకి ఎక్కాలెనని. ఆపెటోన్నయితె దిగకనే పోదును."

అంత పొడుగు మాట ఆయన నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. మా అవ్వ, అంటే అమ్మ, వంటింటి తలుపు దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఫీజు మినహాయింపు దరఖాస్తు నింపించి, నా చేత సంతకం పెట్టించుకుని, మేడం సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయారు. నేనీ రోజు ఈ ఉద్యోగంలో ఉన్నానంటే ఆ సోమవారమే కారణం. ఆమెకు ఈ మాట నేరుగా ఎన్నిసార్లు చెప్పినా నాకు తృప్తి కలగలేదు.

ఇక పేపర్లో ఫొటో కథ. కొన్నేళ్ళు వరసగా చూశాక మేడం ఒక సంగతి పట్టుకున్నారు. ముసల్దాని నీటి ఆవిరి తరంగాలు ప్రతి ఏడాదీ కొన్ని నెలలు తగ్గుతున్నాయి, మళ్ళీ లేస్తున్నాయి. హైదరాబాద్‌లో ఒక సభలో ఆ సంగతి చెప్పారు. చప్పట్లు కొట్టారు, జిల్లా పేజీలో ఫొటో వేశారు. కాలేజీలో పేడాలు పంచాం. నెల తిరగకుండా ఆమె ముఖం మారిపోయింది. ఆకాశంలో ఎక్కడో దూరంగా ఉన్న ఇంకో నక్షత్రం లెక్కలు తెప్పించి చూస్తే, అదీ అవే నెలల్లో తగ్గుతోంది. జూన్ చివర మొదలై సెప్టెంబర్ దాకా.

శనివారం మమ్మల్ని కూర్చోబెట్టి అడిగారు. "ఇద్దరికి ఒక్కపారే జ్వరమొస్తె ముందుగాల ఏం చూడాలె?" నాడి అన్నాం మేము. "థర్మామీటర్ను" అన్నారు ఆమె.

అవి వానాకాలం నెలలు. మన గాలిలోని తేమ ఆ నక్షత్రం నుంచి వచ్చే తరంగాలను దారిలోనే మింగేస్తోంది. అక్కడి నీటి ఆవిరి పంపిన కబురును ఇక్కడి నీటి ఆవిరి అడ్డుకుంటోంది. తగ్గింది నక్షత్రం కాదు, వచ్చింది మన వాన. ముసురు పట్టిన ఊళ్ళో ఇల్లు కురుస్తుంటే గిన్నెలు పెట్టుకుంటూ పెరిగిన మనిషికి ఆ సంగతి తట్టకపోవడం ఆమెకే నమ్మబుద్ధి కాలేదు. తోటి లెక్చరర్ ఒకరు, ఇప్పుడెవరడుగుతున్నరు మేడం, ఊకోరాదా అన్నారు. మేడం తల అడ్డంగా ఊపారు. "నక్షత్రమైతే అడుగది. గందుకే మనం చెప్పాలె."

సభకు వచ్చిన ప్రతి ఒక్కరికీ రాశారు, తప్పు నాదేనని. ఫొటో వేసిన పేపరు ఆఫీసుకు కూడా వెళ్ళారు. వాన గురించి వేస్తాం కానీ తప్పు గురించి ఎట్లా వేస్తాం మేడం అని వాళ్ళు పంపించేశారు. ఆమె మాత్రం ఆ తర్వాత రెండు వానాకాలాలు ఒకే పని పట్టుకున్నారు. డిష్‌ను నడినెత్తి నుంచి నేల అంచు దాకా కొంచెం కొంచెంగా దించుతూ, ఏ రోజు మన గాలి ఎంత మింగుతోందో కొలిచి, అంత తిరిగి కలిపే పద్ధతి. ఇప్పటికీ మేము వాడేది అదే. మామూలుగా వానాకాలపు పగటి పూట ఎవరూ డిష్ అడగరు. ఆ లెక్క వచ్చినవాళ్ళు మాత్రం అడగగలరు.

నేను అబ్జర్వేటరీలో చేరాక ముసల్దాన్ని చూసే పని నా చేతికొచ్చింది. మేడం రిటైరయ్యారు. ఆదివారం మూడు ప్రశ్నల తర్వాత నాలుగోది చేరింది. "ముసల్దేమంటుంది?" చాలా ఏళ్ళు ఏదో ఒకటి అంటూనే ఉంది. కిందటి మూడు నాలుగేళ్ళుగా ఏమీ అనడం మానేసింది. లేవాల్సిన కాలంలో కూడా గీత చదునుగానే ఉంటోంది. అదే కాలంలో మేడం కిడ్నీలు కూడా చెడిపోయాయి. కరీంనగర్ ఆస్పత్రిలో డయాలసిస్ మంచం మీద నుంచే ఫోన్ చేసేవారు.

"ఏం రాలే మేడం" అని చెప్పడం నాకు కష్టంగా ఉండేది. ఏదో నేను దాచిపెట్టినట్టు అనిపించేది. ఆమె మాత్రం, "రాలే అన్నది గూడ కొలతనే బిడ్డా. గీత గియ్యి. నువ్వు చూడక రాకపోవుడు వేరు, చూస్తె రాకపోవుడు వేరు" అనేవారు.

ఈ ఏడాది మొదట్లో మా దగ్గర కొత్త జాబితా తయారైంది. ఏళ్ళుగా ఏమీ పంపని నక్షత్రాలను తీసేసి కొత్తవాటికి సమయం ఇద్దామన్నారు. మాట న్యాయమే. తీసేసేవాటిలో ముసల్దీ ఉంది. అడిగారు కనుక మేడంకు చెప్పేశాను. ఆమె గొంతులో బతిమాలడం నేను విన్నది అదొక్కసారే.

"అది పోయిందా, ఊకున్నదా తెల్వకుంట ఇడిసిపెట్టుడు మంచిగనిపిస్తలేదు బిడ్డా. గిన్నేండ్లు చూసి, గిప్పుడు మధ్యల ఆపితె, రేపు ఎవరన్న చూసెటోళ్ళకు గా ఖాళీ ఎట్ల సమజైతది? మనం చూడలేదో, అది రాలేదో?"

డిష్ సమయం పంచే కమిటీలో నా మాట ఒకటికి రెండుసార్లు వీగిపోయింది. మూడోసారి, ఎవరికీ అక్కర్లేని సమయమే ఇవ్వండి, వానాకాలం, పగలు, ఆదివారం అని అడిగాను. అందరూ నవ్వారు. కమిటీ పెద్దాయన, వానలో ఏం చూస్తావమ్మా అన్నారు. మా మేడం లెక్కతో చూస్తానన్నాను. రెండు వారాలకో ఆదివారం ఇచ్చారు. ఆ కబురు చెప్పిన ఆదివారం మేడం నవ్వారు. బలహీనంగా, దగ్గుతూ, కానీ నవ్వే.

"వానకాలమా? వానతోని మనకు పాత దోస్తానే గద."

నేను విన్న ఆఖరి మాట అదే. మొదటి ఆదివారం డిష్ తిరిగే వేళకు ఆమె లేరు.

ఆ సాయంత్రమే బయల్దేరి కరీంనగర్ చేరాను. ఇల్లంతా మనుషులు. కాలేజీ పిల్లలు, పాత పిల్లలు, ఆస్పత్రి నర్సు, బోథ్ నుంచి చుట్టాలు. మేడం తమ్ముడు గోడకు ఆనుకుని ఏడుస్తున్నాడు. "అక్క ఎన్నడడిగినా ఒక్కటే తీరు. తిన్నవా, నిద్ర వడుతుందా, ఏం చదువుతున్నవ్. నేను ఐదు దాకనే చదివిన్నని తెల్సి గూడ అడిగేది. పత్తి రేటు చదువుతున్న అక్కా అనేటోన్ని." ఆ నర్సు చటుక్కున తలెత్తి, నన్నూ గట్లనే అడిగేది అంది. ఇంకొకరు నన్నూ అన్నారు. నిజం చెబుతున్నాను, నాకు కొంచెం ఈర్ష్య కలిగింది. ఆ మూడు ప్రశ్నలూ నావే అనుకుని ఇన్నేళ్ళు బతికాను. కాసేపటికి ఆ ఈర్ష్య పోయి, ఆ గదిలో ఉన్న అందరూ నాకు అయినవాళ్ళలా అనిపించారు.

దినాలయ్యాక తిరిగొచ్చి, ఆ ఆదివారం డిష్ పట్టిన లెక్కలు తెరిచాను. వాన ఎంత మింగిందో కలిపాను. ఖాళీ ఆకాశాన్ని తీసేశాను. గీత చదునుగానే ఉంది. ఎక్కడో మనసులో, ఆ రోజైనా పలికి ఉంటుందని ఆశపడ్డాను కాబోలు, చాలాసేపు ఆ గీతనే చూస్తూ ఉండిపోయాను. తర్వాత జాబితాలో ఆ రోజు పక్కన, ఎప్పట్లాగే, రాలేదు అని రాశాను.

తర్వాతి ఆదివారం మళ్ళీ మా వంతు. బయట సన్నగా ముసురు. డిష్ ముసల్దాని మీదికి వెళ్ళి ఆగింది. పదింటికి ఫోన్ మోగింది. అదే నంబరు. ఎత్తి చెవికి ఆనించుకున్నాను.

"అన్నం తిన్నవా బిడ్డా?" సార్ గొంతు. చదవడం అలవాటు లేని పాఠాన్ని తడుముకుంటూ అప్పజెబుతున్నట్టు.

"తిన్న సార్."

"నిద్ర వడుతుందా?"

"జర తక్కువనే సార్."

"ఏం చదువుతున్నవ్?"

చెప్పాను. ఆయన విన్నారో లేదో తెలియదు. కాసేపాగి, "ముసల్దేమన్న అన్నదా?" అన్నారు.

"రాలే సార్. చూస్తున్న."

"చూడు మరి. చూసుడైతె ఆపకు."

పెట్టేస్తారేమో అనిపించి, తొందరగా అడిగాను. "సార్, మీరు తిన్నరా?"

ఆయన ఆగారు. ఆ ఆగడం ఏమిటో నాకు తెలుసు.

"తింట బిడ్డా" అన్నారు చివరికి.

వచ్చే ఆదివారం నేనే చేస్తాను సార్ అన్నాను. అదే వేళకు, అవే అడుగుతానన్నాను. ఆయన ఊఁ అన్నారు. ఫోన్ పెట్టలేదు, మాట్లాడలేదు. నేనూ పెట్టలేదు. కిటికీ అవతల వానలో డిష్ నెమ్మదిగా కదిలి, నక్షత్రాన్ని వదిలి పక్కకు జరిగింది. నక్షత్రం మీద ఎంతసేపు ఉందో, ఏమీ లేని ఆ జాగ మీదా అంతే సేపు ఆగింది.